కర్రపెండలం ఉత్పత్తి: ఆరు దశాబ్దాల్లో ఏ ప్రాంతంలో ఏం మారింది? తరచుగా అడిగే ప్రశ్నలు

ప్రపంచం మొత్తం మీద కర్రపెండలం ఉత్పత్తి ఎంత పెరిగింది?

ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ దేశాలవారీ పంటల లెక్కలను 1961 నుంచి వరుసగా అందిస్తోంది కాబట్టి, దీర్ఘకాలిక పోలికలన్నీ సాధారణంగా ఆ ఏడాదితోనే మొదలవుతాయి. 1961లో ప్రపంచ ఉత్పత్తి సుమారు 7.1 కోట్ల టన్నులు. 1980 నాటికి అది 12 కోట్ల టన్నులు దాటింది, 2000 నాటికి సుమారు 17.5 కోట్ల టన్నులకు, 2020 నాటికి 30 కోట్ల టన్నులకు చేరింది. ఆరు దశాబ్దాల్లో నాలుగు రెట్లకు పైగా పెరిగిందన్నమాట.

అయితే ఈ ఒక్క అంకె చూసి పంట గురించి ఒక అభిప్రాయానికి రావడం సరికాదు. ప్రపంచ మొత్తం నున్నగా పైకి సాగే గీతలా కనిపిస్తుంది గాని, దాని లోపల మూడు ఖండాల మూడు వేర్వేరు కథలున్నాయి. ఒకచోట పంట భూమిని ఆక్రమిస్తూ పెరిగింది, ఒకచోట ఎకరానికి వచ్చే దిగుబడి పెరిగింది, ఒకచోట అసలు పెద్దగా పెరగనే లేదు. ఈ తేడాలను విడమర్చి చెప్పడమే కింది సమాధానాల ఉద్దేశం.

ఖండాల వాటాలు ఎలా మారాయి?

1961లో ఆఫ్రికా సుమారు 3.2 కోట్ల టన్నులు, అమెరికా ఖండాలు సుమారు 2.1 కోట్ల టన్నులు, ఆసియా సుమారు 1.8 కోట్ల టన్నులు పండించాయి. ఆనాడు ఆఫ్రికా వాటా సగానికి తక్కువ. 2020 నాటికి ఆఫ్రికా 19 కోట్ల టన్నులు దాటింది, ఆసియా 8 కోట్ల టన్నులు దాటింది, అమెరికా ఖండాలు మాత్రం సుమారు 2.7 కోట్ల టన్నుల దగ్గరే ఉన్నాయి. ప్రపంచంలో పండే ప్రతి మూడు టన్నుల్లో దాదాపు రెండు ఇప్పుడు ఆఫ్రికావే. ఈ పంటకు పుట్టిల్లయిన దక్షిణ అమెరికాతో కలిపి అమెరికా ఖండాల వాటా సుమారు 30 శాతం నుంచి 10 శాతం లోపుకు పడిపోయింది. పసిఫిక్ ద్వీపాల్లో కర్రపెండలం రోజువారీ ఆహారమే అయినా, ప్రపంచ మొత్తంలో వాటి పరిమాణం చాలా తక్కువ.

ఆఫ్రికాలో ఈ పెరుగుదల విస్తీర్ణం వల్ల వచ్చిందా, దిగుబడి వల్ల వచ్చిందా?

ప్రధానంగా విస్తీర్ణం వల్లే. 1961లో ఆఫ్రికాలో సుమారు 55 లక్షల హెక్టార్లలో సాగైన పంట 2020 నాటికి 2 కోట్ల హెక్టార్లు దాటింది, అంటే నాలుగు రెట్లు. అదే కాలంలో హెక్టారు దిగుబడి 6 టన్నుల లోపు నుంచి సుమారు 8.7 టన్నులకు, అంటే ఒకటిన్నర రెట్లకు మాత్రమే పెరిగింది. ఈ రెండింటినీ గుణిస్తే ఉత్పత్తిలో కనిపించే ఆరు రెట్ల పెరుగుదల వస్తుంది. ఉత్పత్తి గీతను మాత్రమే చూసేవారికి ఇది ఘనవిజయంలా తోస్తుంది. పక్కనే విస్తీర్ణపు గీతను కూడా గీసి చూస్తే, బీడు వదిలే కాలం తగ్గిన పొలాలు, కొత్తగా నరికిన అడవి అంచులు, సారం తగ్గిన నేలల్లో మరే పంటా నిలవక దీనికి మారిన రైతులు కూడా అందులో భాగమని అర్థమవుతుంది.

ఇది పంట తప్పు కాదు. ఎరువు లేని నేలలోనూ ఎంతో కొంత ఇచ్చేది, వాన ఆలస్యమైతే ఆకులు రాల్చుకుని వేచి ఉండేది, కోతకు ఫలానా వారమే రావాలని పట్టుబట్టనిది కర్రపెండలమే. అందుకే వలస పాలకులు దీన్ని కరవు కాలపు నిల్వగా అనేక ఆఫ్రికా ప్రాంతాల్లో నాటించారు. పదహారో శతాబ్దంలో పోర్చుగీసు ఓడల్లో కాంగో తీరానికి చేరిన ఈ మొక్క ఖండం లోపలికంతా వ్యాపించడానికీ ఈ గుణాలే కారణం.

నైజీరియా ప్రపంచంలో మొదటి స్థానానికి ఎలా చేరింది?

1961లో నైజీరియా ఉత్పత్తి 75 లక్షల టన్నుల లోపే ఉండేది. అప్పటి అగ్రస్థానం బ్రెజిల్‌ది. 1990ల మొదట్లో నైజీరియా బ్రెజిల్‌ను దాటింది, 2020 నాటికి సుమారు 6 కోట్ల టన్నులకు చేరింది.

ఈ ఎదుగుదలకు కారణాలు ఒకదానితో ఒకటి ముడిపడి ఉన్నాయి. 1967లో నైజీరియాలోని ఇబడాన్‌లో స్థాపితమైన అంతర్జాతీయ ఉష్ణమండల వ్యవసాయ సంస్థ, మొజాయిక్ అనే వైరస్ తెగులును తట్టుకునే రకాలను 1970ల చివరికి రైతులకు అందుబాటులోకి తెచ్చింది. వాటిలో టీఎంఎస్ 30572 బాగా ప్రచారంలోకి వచ్చింది. చమురు ఆదాయం సమృద్ధిగా ఉన్న రోజుల్లో చవకగా దిగుమతైన గోధుమ, బియ్యం పట్టణాలను ఆకర్షించాయి గాని, 1986లో ఆర్థిక సంస్కరణలతో కరెన్సీ విలువ పడిపోవడం, 1987లో గోధుమ దిగుమతిపై నిషేధం రావడంతో పట్టణ ప్రజలు మళ్లీ గర్రీ వైపు మళ్లారు. దుంపను తురిమి, పులియబెట్టి, నీరు పిండేసి, వేయించి చేసే ఈ పొడి ఆహారం నెలల తరబడి నిల్వ ఉంటుంది. దీనికి తోడు తురుము యంత్రాలు పల్లెలకు చేరాయి. ఈ చివరి కారణానికి దక్కవలసినంత గుర్తింపు దక్కలేదని నా అభిప్రాయం. చేత్తో తురమడమనే కష్టమైన పని ఎక్కువగా మహిళల మీదే పడేది. ఆ అడ్డంకి తొలగకుండా పొలంలో ఎంత దిగుబడి పెరిగినా దాన్ని తినదగిన రూపంలోకి మార్చే చేతులు చాలేవి కావు.

ఇటీవలి దశ కొంచెం ఆందోళనకరంగా ఉంది. 2010 ప్రాంతంలో నైజీరియా సగటు దిగుబడి హెక్టారుకు 12 టన్నుల దరిదాపుల్లో ఉన్నట్టు లెక్కలు చూపగా, ఆ తర్వాత అది 10 టన్నుల కిందికి దిగింది. ఉత్పత్తిని నిలబెట్టింది పెరిగిన విస్తీర్ణమే.

ఆఫ్రికాలో ఉత్పత్తి ఎప్పుడూ పెరుగుతూనే వచ్చిందా?

లేదు. ఖండం మొత్తాన్ని కలిపి చూసినప్పుడు ఒక దేశం నష్టాన్ని మరో దేశం లాభం కప్పేస్తుంది. దేశాలవారీగా విడదీస్తే మూడు పెద్ద దెబ్బలు స్పష్టంగా కనిపిస్తాయి.

మొదటిది పిండినల్లి. దక్షిణ అమెరికా నుంచి పొరపాటున వచ్చిన ఈ పురుగు 1970ల మొదట్లో కాంగో ప్రాంతంలో బయటపడింది. సహజ శత్రువులేవీ ఇక్కడ లేకపోవడంతో పదేళ్లలో పశ్చిమ, మధ్య ఆఫ్రికా అంతటా పాకి, లేత చిగుళ్లను ముడుచుకుపోయేలా చేసి, దుంపలతో పాటు తర్వాతి నాటుకు కావలసిన కాండాన్ని కూడా పాడుచేసింది. మందు చల్లే స్తోమత లేని కోట్లాది చిన్న కమతాల్లో రసాయనాలతో దీన్ని ఎదుర్కోవడం సాధ్యమయ్యే పని కాదు. పురుగు పుట్టిన చోటే దాని శత్రువును వెతికిన శాస్త్రవేత్తలకు 1981లో పరాగ్వేలో ఒక చిన్న కందిరీగ దొరికింది. పిండినల్లి శరీరంలో గుడ్లు పెట్టి దాన్ని చంపే ఈ పరాన్నజీవిని అదే ఏడాది నైజీరియాలో మొదటిసారి విడుదల చేశారు, ఆ తర్వాత అది దాదాపు 30 దేశాలకు విస్తరించింది. ఈ కృషికి నాయకత్వం వహించిన హాన్స్ హెరెన్‌కు 1995లో ప్రపంచ ఆహార బహుమతి లభించింది. రైతు పైసా ఖర్చు పెట్టకుండా, కొత్త రకం నాటకుండా, ఏ సలహా పాటించకుండా పంట కోలుకున్న అరుదైన సందర్భం ఇది.

రెండోది మొజాయిక్ తెగులు. తూర్పు ఆఫ్రికాలో 1894లోనే నమోదైన ఈ వైరస్ తెగులు తెల్లదోమ ద్వారా, తెగులు సోకిన కాండపు ముక్కల ద్వారా వ్యాపిస్తుంది. 1980ల చివర యుగాండాలో రెండు వైరస్‌ల కలయిక వల్ల పుట్టిన ఒక తీవ్రమైన రూపం బయలుదేరి, ఏడాదికి 20 నుంచి 30 కిలోమీటర్ల వేగంతో ముందుకు కదిలింది. అనేక జిల్లాల్లో రైతులు పంటను పూర్తిగా వదిలేశారు. కొన్నిచోట్ల ఆకలి చావులు కూడా సంభవించాయి. తట్టుకునే రకాలు వచ్చాకే సాగు మళ్లీ పుంజుకుంది.

మూడోది గోధుమరంగు చారల తెగులు. 1930ల్లో టాంజానియాలో గుర్తించిన ఈ తెగులు దశాబ్దాల పాటు తీర ప్రాంతాలకే పరిమితమై ఉండి, 2004 తర్వాత యుగాండా వంటి ఎత్తైన ప్రాంతాలకు కూడా చేరింది. ఆకుల మీద లక్షణాలు అంతగా తెలియవు. మొక్క పచ్చగానే ఉంటుంది, తవ్వితే దుంప లోపల కుళ్లిపోయి ఉంటుంది. కాబట్టి ఆకును చూసి లేదా పొలం విస్తీర్ణాన్ని కొలిచి వేసే ఉత్పత్తి అంచనాల్లో దీని నష్టం సులభంగా తప్పించుకుంటుంది.

తెగుళ్లే కాదు, యుద్ధమూ ఉత్పత్తిని దెబ్బతీసింది. కాంగో ప్రజాస్వామ్య గణతంత్రంలో 1990ల చివరి పోరాటాల కాలంలో కర్రపెండలం ఉత్పత్తి తగ్గింది. అయితే ధాన్యపు గాదెలు కాలిపోయే చోట, భూమిలోనే దాచిపెట్టి ఉంచగలిగిన పంట కాబట్టి, ప్రజలు దాని మీద మరింతగా ఆధారపడ్డారన్నది కూడా అంతే నిజం.

బ్రెజిల్‌లో ఉత్పత్తి ఎందుకు తగ్గింది?

బ్రెజిల్ 1970 ప్రాంతంలో సుమారు 3 కోట్ల టన్నులతో శిఖరానికి చేరింది. ఇటీవలి సంవత్సరాల్లో 2 కోట్ల టన్నుల లోపే పండిస్తోంది. కారణం ప్రధానంగా పొలంలో కన్నా వంటింట్లో ఉంది. గ్రామాల నుంచి జనం పట్టణాలకు తరలారు. ప్రభుత్వ రాయితీతో గోధుమ రొట్టె చవకైంది. కర్రపెండలం పిండి రోజువారీ ప్రధాన ఆహారం స్థానం నుంచి పక్క వంటకం స్థానానికి జరిగింది. మరోవైపు సోయా, చెరకు వంటి పంటలు మంచి భూమినీ పెట్టుబడినీ తమవైపు లాక్కున్నాయి. పొరుగునున్న పరాగ్వేలో మాత్రం ఇది ఇంకా ప్రతి పూటా భోజనంలో ఉండే ఆహారమే.

థాయిలాండ్‌లో ఉత్పత్తి అంతగా పెరగడానికి, మధ్యలో పడిపోవడానికి కారణం ఏమిటి?

థాయిలాండ్ ప్రజలు కర్రపెండలాన్ని ప్రధాన ఆహారంగా తినరు. అక్కడి పంట చరిత్ర దాదాపు పూర్తిగా విదేశీ గిరాకీ చరిత్ర. 1961లో ఉత్పత్తి 20 లక్షల టన్నుల లోపు. యూరోపియన్ సముదాయం (నేటి యూరోపియన్ యూనియన్‌కు పూర్వరూపం) తన రైతుల కోసం ధాన్యం ధరలను కృత్రిమంగా ఎక్కువగా నిలబెట్టింది, కర్రపెండలం మీద మాత్రం దిగుమతి సుంకం 6 శాతానికి మించకూడదని అంతర్జాతీయంగా ఒప్పుకొని ఉంది. ఈ సందును పట్టుకుని నెదర్లాండ్స్ వంటి దేశాల పశుదాణా మిల్లులు ఖరీదైన బార్లీ బదులు ఎండిన కర్రపెండలాన్ని సోయా పిండితో కలిపి వాడడం మొదలుపెట్టాయి. ఈశాన్య థాయిలాండ్ మెట్ట భూముల్లో, ముఖ్యంగా నఖోన్ రాచసీమా చుట్టుపక్కల, సాగు అతివేగంగా విస్తరించి, 1989లో ఉత్పత్తి సుమారు 2.4 కోట్ల టన్నులకు చేరింది.

నిబంధన వల్ల పుట్టిన గిరాకీ నిబంధన మారగానే కరిగిపోయింది. 1982లోనే ఎగుమతుల మీద పరిమితికి థాయిలాండ్ అంగీకరించాల్సి వచ్చింది. 1992లో యూరప్ తన వ్యవసాయ విధానాన్ని సంస్కరించి ధాన్యం ధరలు తగ్గించడంతో అక్కడి మిల్లులకు కర్రపెండలం అవసరం తగ్గింది. 1990ల చివరికి థాయిలాండ్ ఉత్పత్తి 1.6 కోట్ల టన్నుల దగ్గరికి పడిపోయింది. అక్కడితో ఆగిపోయి ఉంటే, ఎగుమతిని నమ్ముకుని చితికిన పంటల జాబితాలో ఇదీ చేరేది. అలా జరగకపోవడానికి రెండు కారణాలున్నాయి. ఒకటి, 1992లో విడుదలైన కసెట్సార్ట్ 50 వంటి, పిండిపదార్థం అధికంగా ఉండే రకాలు. వీటి వల్ల హెక్టారుకు 14 టన్నుల దరిదాపుల్లో ఉన్న దిగుబడి 2000ల మధ్యకల్లా 20 టన్నులు దాటింది. రెండు, పశుదాణా స్థానంలో స్టార్చ్ పరిశ్రమ, చైనాలోని ఆల్కహాల్ కర్మాగారాలు కొత్త కొనుగోలుదారులుగా రావడం. 2009లో ఉత్పత్తి 3 కోట్ల టన్నులకు చేరింది.

మరుసటి ఏడాది అది 2.2 కోట్ల టన్నులకు కుప్పకూలింది. ఆఫ్రికాను పీడించిన ఆ పిండినల్లే 2008లో థాయిలాండ్‌కు చేరడం, దానికి కరవు తోడవడం ఇందుకు కారణాలు. పశ్చిమ ఆఫ్రికా అనుభవం సిద్ధంగా ఉండడంతో అదే కందిరీగను తెచ్చి 2010 నుంచి పెద్ద ఎత్తున విడుదల చేశారు. రెండు మూడేళ్లలో ఉత్పత్తి తిరిగి పూర్వస్థితికి వచ్చింది.

ఆసియాలోని మిగతా దేశాల సంగతి ఏమిటి?

వియత్నాం మార్పు అన్నిటికన్నా చెప్పుకోదగినది. 2000లో సుమారు 20 లక్షల టన్నులు పండించిన దేశం 2010 నాటికి 85 లక్షల టన్నులు దాటింది. ఇక్కడ విస్తీర్ణం, దిగుబడి రెండూ దాదాపు రెట్టింపయ్యాయి. థాయిలాండ్ రకమైన కసెట్సార్ట్ 50 ఇక్కడ కేఎం 94 అనే పేరుతో సాగైంది. కంబోడియా 2000ల తర్వాతే పెద్ద ఉత్పత్తిదారుగా మారింది. అక్కడి పంటలో చాలా భాగం సరిహద్దు దాటి థాయిలాండ్, వియత్నాం మిల్లులకు వెళుతుంది.

ఇండోనేసియాలో 1961తో పోలిస్తే విస్తీర్ణం సగానికి తగ్గింది. అయినా దిగుబడి పెరగడం వల్ల ఉత్పత్తి 1.1 కోట్ల టన్నుల నుంచి 2010 ప్రాంతంలో 2.4 కోట్ల టన్నులకు పెరిగి, తర్వాత తగ్గుముఖం పట్టింది. భారతదేశంలో కేరళలో ఒకప్పుడు పేదల ఆహారంగా విస్తారంగా సాగిన పంట రబ్బరు తోటలకు చోటిచ్చి తగ్గగా, తమిళనాడులో సగ్గుబియ్యం, స్టార్చ్ పరిశ్రమను ఆనుకుని నీటి వసతి కింద పెరిగింది. దేశ విస్తీర్ణం 1970లతో పోలిస్తే బాగా తగ్గినా, సగటు దిగుబడి ప్రపంచంలోని అత్యధిక దిగుబడుల్లో ఒకటిగా నిలిచింది.

ఆసియాలో దిగుబడి ఆఫ్రికా కన్నా రెట్టింపుకు పైగా ఎందుకు ఉంది?

ఆసియా సగటు హెక్టారుకు 20 టన్నులు దాటింది. ఈ తేడాకు నేల, వాతావరణం కన్నా మార్కెట్ ముఖ్య కారణం. దుంపను టన్నుల్లో కొనే మిల్లు దగ్గరలో ఉన్న రైతు ఎరువు కొంటాడు, కలుపు తీయిస్తాడు, మేలు రకం కాండం కోసం వెతుకుతాడు. ఇంటి అవసరానికి, పక్క సంతకు పండించే రైతుకు ఆ ఖర్చు తిరిగి వస్తుందన్న భరోసా లేదు. ఆఫ్రికాలో తెగుళ్ల ఒత్తిడి కూడా చాలా ఎక్కువ.

ఒక్క విషయం మాత్రం అన్ని చోట్లా సమానమే. ఈ పంట విత్తనంతో కాక కాండపు ముక్కలతో నాటుతారు. ఒక మొక్క నుంచి సుమారు పది మొక్కలకు మాత్రమే సరిపడే కాండం వస్తుంది. మొక్కజొన్నలో ఒక కొత్త రకం రెండు మూడేళ్లలో దేశమంతా చేరగలిగితే, ఇందులో అందుకు చాలా ఎక్కువ కాలం పడుతుంది. బరువైన, త్వరగా ఎండిపోయే ఆ కట్టలను దూరాలకు మోయడం కూడా ఖర్చుతో కూడిన పని.

అంత పండించే ఆఫ్రికా ఎగుమతుల్లో ఎందుకు కనిపించదు?

తవ్విన దుంప రెండు మూడు రోజుల్లోనే లోపల నీలి చారలు వచ్చి పాడవడం మొదలవుతుంది. వెంటనే ఎండబెట్టే కళ్లాలు, గుళికలు చేసే మిల్లులు, స్టార్చ్ కర్మాగారాలు, ఓడరేవుకు రోడ్లు ఉన్నచోటే అది వ్యాపార సరుకు అవుతుంది. ఈ ఏర్పాట్లు థాయిలాండ్‌కు ఉన్నాయి, అందుకే అది అతిపెద్ద ఎగుమతిదారు. ఆఫ్రికా పంట ఆఫ్రికా ప్రజల భోజనంలోకే వెళుతుంది. దీన్ని వైఫల్యంగా చూడడం అన్యాయం. పండిన పంట పండించిన ఖండం ఆకలి తీర్చడం చిన్న విషయం కాదు.

జనాభాతో పోలిస్తే ఆఫ్రికా ఉత్పత్తి నిజంగా పెరిగిందా?

పెరిగింది, కానీ ఆరు రెట్లు కాదు. 1961లో 30 కోట్ల లోపున్న ఆఫ్రికా జనాభా 2020 నాటికి 130 కోట్లు దాటింది. లెక్క కడితే తలసరి తాజా దుంప సుమారు 110 కిలోల నుంచి 140 కిలోల పైచిలుకుకు పెరిగింది. ఈ మొత్తమంతా తినేది కాదు. తొక్క, వృథా, పశువుల మేత అన్నీ ఇందులోనే ఉన్నాయి.

ఈ టన్నులను వరి, మొక్కజొన్న టన్నులతో పోల్చవచ్చా?

నేరుగా పోల్చకూడదు. తాజా దుంపలో 60 నుంచి 70 శాతం నీరే ఉంటుంది, ఆరబెట్టిన ధాన్యంలో 15 శాతం లోపే ఉంటుంది. కాబట్టి 30 కోట్ల టన్నుల కర్రపెండలాన్ని ధాన్యంతో పోల్చాలంటే ముందు దాన్ని పొడి బరువులోకి, అంటే దాదాపు మూడో వంతుకు తగ్గించాలి. మాంసకృత్తుల విషయంలో తేడా ఇంకా ఎక్కువ.

ఈ గణాంకాలను ఎంతవరకు నమ్మవచ్చు?

దశాబ్దాల దిశను నమ్మవచ్చు, ఒక్క ఏడాది హెచ్చుతగ్గులను అంతగా నమ్మకూడదు. కర్రపెండలం కొలవడానికి చాలా కష్టమైన పంట. నాటిన 8 నెలల నుంచి 24 నెలల వరకు ఎప్పుడైనా తవ్వవచ్చు. చాలా ఇళ్లలో ఆ పూటకు కావలసిన రెండు మొక్కలే తవ్వుకుంటారు. ఒకే పొలంలో మొక్కజొన్న, బీన్స్, అరటి కలిసి ఉన్నప్పుడు కర్రపెండలం విస్తీర్ణం ఎంతని రాయాలి? రెండేళ్లు నేలలో ఉన్న పొలాన్ని ఏ ఏడాది కోతగా లెక్కించాలి? పరిశ్రమకు అమ్మే ఆసియా పంటకు మిల్లు తూకాలుంటాయి, చాలా ఆఫ్రికా దేశాల్లో అంచనాలే ఆధారం. వ్యవసాయ గణన జరిగాక పాత సంవత్సరాల అంకెలనే సవరించిన సందర్భాలూ ఉన్నాయి. అందుచేత పట్టికను ఎప్పుడు తీసుకున్నారో రాసిపెట్టుకోవడం, ఒక్కో ఏడాదికి బదులు మూడేళ్ల సగటు వాడడం, ఉత్పత్తి ఉన్నట్టుండి ఎగబాకితే విస్తీర్ణం కూడా అదే ఏడాది ఎగబాకిందేమో చూడడం మంచిది. పొలంలో జరిగిన మార్పు సాధారణంగా మెల్లగా వస్తుంది. కొలిచే పద్ధతిలో మార్పు ఒక్క రాత్రిలో వస్తుంది.

రాబోయే సంవత్సరాల్లో ఏ ప్రాంతాన్ని ప్రత్యేకంగా గమనించాలి?

ఆగ్నేయాసియాను. దశాబ్దాల పాటు మొజాయిక్ తెగులు అక్కడ లేదు. ఆసియాలో అది దక్షిణాసియాకే పరిమితమై ఉండేది. 2015లో శ్రీలంక మొజాయిక్ వైరస్ కంబోడియాలో కనిపించి, తర్వాత వియత్నాంలోకి, 2018లో థాయిలాండ్‌లోకి ప్రవేశించింది. మిల్లుల కోసం సరిహద్దులు దాటే వ్యాపారంతో పాటు కాండపు కట్టలు కూడా దాటుతుంటాయి, వాటితో పాటే వైరస్ ప్రయాణిస్తుంది. ఆ ప్రాంతపు అధిక దిగుబడికి మూలమైన రకాలను ఎంపిక చేసింది పిండిపదార్థం కోసమే గాని ఈ తెగులును తట్టుకోవడం కోసం కాదు. అందువల్ల ఆఫ్రికాలో రూపొందిన నిరోధక గుణాలను ఆసియా రకాల్లోకి తెచ్చే పని ఇప్పుడు జరుగుతోంది. ఒక్కో మొక్క నుంచి పది మొక్కల చొప్పున ఆ కొత్త రకాలు రైతు పొలాలకు చేరేలోగా వైరస్ ఎంత దూరం వెళుతుందన్నదాని మీద ఆసియా దిగుబడి గీత వచ్చే పదేళ్లలో ఎటు తిరుగుతుందో ఆధారపడి ఉంటుంది.